విత్తనానికి పూసిన మందు ఎక్కడికి పోయింది?

పొద్దుతిరుగుడు పూత మీద ఉన్న రోజుల్లో కర్నూలు వైపో, అనంతపురం వైపో ఉదయం పూట బస్సులో పోతూంటే ఒక్కొక్కసారి ఒక వింత కనబడుతుంది. చేలో మనుషులు చేతికి పలుచని గుడ్డ చుట్టుకొని వరుసల వెంట నడుస్తూంటారు. పసిపిల్ల ముఖం తుడిచినట్లు ఒక పువ్వును మెత్తగా రుద్దుతారు. వెంటనే పక్క పువ్వు దగ్గరకు పోయి దాన్నీ అలాగే రుద్దుతారు. పువ్వుకు ముఖం తుడవడం ఏమిటని మీకు నవ్వు రావచ్చు. కాని వాళ్ళు చేస్తున్నది తేనెటీగ చేయవలసిన పని. ఉదయం 8 గంటల నుంచి 11 లోపల, రోజు విడిచి రోజు ఇలా రుద్దితే గింజ బాగా కడుతుందని వ్యవసాయ శాస్త్రజ్ఞులే రైతులకు సలహా ఇస్తారు.

తేనెటీగ చేసే పని మనిషి ఎందుకు చేయవలసి వస్తోంది? ఈ ప్రశ్నకు జవాబు వెతుకుతూ పోతే మనం పువ్వు దగ్గర ఆగలేము. వేరు దాకా, వేరు కింద మట్టి దాకా పోవలసి వస్తుంది.

ఒక పువ్వులో వెయ్యి పువ్వులు

ముందు ఆ పువ్వును బాగా చూడండి. పొద్దుతిరుగుడు పువ్వు అని మనం పిలిచేది ఒక పువ్వు కాదు, ఒక పూల సంత. మీ వృక్షశాస్త్రం పుస్తకంలో దీనినే శీర్షవత్ విన్యాసం అన్నారు. చుట్టూ పసుపుపచ్చగా రేకుల మాదిరి కనబడేవి ఒక్కొక్కటీ ఒక పువ్వే. అయితే వాటికి గింజ కట్టదు. అవి తేనెటీగలను దూరం నుంచి పిలిచే జెండాలు మాత్రమే. గింజ కట్టేవి మధ్యలో పళ్ళెంలా ఉన్న భాగంలో కిక్కిరిసి ఉంటాయి. ఒక మంచి పువ్వులో ఇవి వెయ్యి దాకా, కొన్నింటిలో అంతకు మించి కూడా ఉంటాయి.

ఇవన్నీ ఒకేసారి విచ్చుకోవు. అంచున ఉన్నవి ముందు, లోపలివి తర్వాత, రోజుకు కొన్ని వరుసల చొప్పున విచ్చుకుంటూ మధ్యకు వస్తాయి. మొత్తం పూర్తి కావడానికి వారం, పది రోజులు పడుతుంది. చిన్న పువ్వు విచ్చుకున్న మొదటి రోజున కేసరాలు పుప్పొడిని బయటకు నెడతాయి. దాని కీలాగ్రం మరునాడు గాని పైకి వచ్చి రెండుగా చీలి పుప్పొడి కోసం ఎదురు చూడదు. పుప్పొడి ఇచ్చే వేళ ఒకటి, పుచ్చుకునే వేళ ఇంకొకటి అన్నమాట. కాబట్టి ఒకరి పుప్పొడిని మరొకరికి చేరవేసేవారు కావాలి. ఆ పుప్పొడి బరువుగా, జిగటగా ఉంటుంది గనుక గాలి వల్ల ఆ పని అంతగా జరగదు. తేనెటీగ వల్ల జరుగుతుంది. దాని ఒంటి నిండా నూగు. మకరందం కోసం పళ్ళెం మీద తిరిగినంతసేపూ ఆ నూగుకు పుప్పొడి అంటుకొంటూ, రాలుతూ ఉంటుంది.

ఇది మన దేశపు పాత పంట కాదు. నూనె కోసం పండించడానికి 1969లో సోవియట్ యూనియన్ నుంచి విత్తనాలు తెచ్చారు. ఆ పాత రకాలకు తమ పుప్పొడి తమకు పనికిరాదు. తేనెటీగలు రాని చేలల్లో పువ్వు పళ్ళెమంత ఉండేది, గింజలు మాత్రం తాలు. తర్వాత వచ్చిన హైబ్రిడ్ రకాలు కొంతవరకు తమ పుప్పొడితో తామే గింజ కట్టగలవు. అయినా తేనెటీగలు తిరిగిన చేలో గింజ గట్టిగా, ఎక్కువగా ఉంటుంది. ఎకరాకు రెండు తేనెపెట్టెలు పెట్టుకోమని చెప్పడం అందుకే.

గింజకు రంగు ఎందుకు?

విత్తనాల అంగడిలో పొట్లం విప్పి చూడండి (చేత్తో తాకవద్దు). గింజలు గులాబీ రంగులోనో, నీలం రంగులోనో ఉంటాయి. అది గింజ సహజ రంగు కాదు. మందు పూసిన గింజను పొరపాటున ఎవరూ తినకుండా ఉండడానికి వేసిన గుర్తు.

ఏమిటా మందు? దాని కథ పొగాకుతో మొదలవుతుంది. పేనుబంక పట్టిన మొక్కల మీద పొగాకు కషాయం చల్లడం మన రైతులకు పాత అలవాటే. పొగాకులోని నికోటిన్ పురుగు నాడులను దెబ్బ తీస్తుంది. ఒక నాడీకణం పక్క నాడీకణానికి కబురు పంపడానికి ఎసిటైల్ కోలిన్ అనే పదార్థాన్ని వదులుతుంది. అది అవతలి కణం మీద ఉన్న తాళంలో తాళంచెవిలా ఇమిడి, కబురు అందించి, విరిగిపోతుంది. నికోటిన్ ఆ తాళంలో దూరే దొంగచెవి. దూరితే త్వరగా ఊడి రాదు. నాడి అదే పనిగా మోగుతూ ఉండి పురుగు వణికి, చచ్చుబడి, చనిపోతుంది.

ఇదే పద్ధతిలో, ఇంతకంటే గట్టిగా పనిచేసే పదార్థాలను రసాయన శాస్త్రజ్ఞులు తయారు చేశారు. ఇమిడాక్లోప్రిడ్, థయామిథాక్సామ్, క్లోథియానిడిన్ అనేవి వాటిలో ముఖ్యమైనవి. వీటన్నింటినీ కలిపి నియోనికోటినాయిడ్లు అంటారు. పురుగుల నాడుల్లోని తాళానికి ఇవి బాగా సరిపోతాయి; మన వంటి జంతువుల తాళానికి అంతగా సరిపోవు. పైగా ఇవి అంతర్వాహిక మందులు, అనగా మొక్క వేరు ద్వారా నీటితో పాటు పీల్చుకొని ఆకుకూ, కాండానికీ, పువ్వుకూ అందించేవి. గింజకు పూస్తే చాలు, మొలకెత్తిన మొక్క తన ఒంటినిండా మందు నింపుకొంటుంది. రైతు వీపున పంపు మోసుకొని విషపు తుంపరలో నడవవలసిన పని ఉండదు. 1990 తర్వాతి సంవత్సరాల్లో ఈ మందులు వచ్చినప్పుడు అందరూ మెచ్చుకున్నారంటే ఆశ్చర్యం లేదు.

మన పొద్దుతిరుగుడుకు దీని అవసరం ఇంకొక కారణం వల్ల కలిగింది. 1997లో కర్ణాటకలోని బాగేపల్లి ప్రాంతంలో నెక్రోసిస్ అనే వైరస్ తెగులు కనబడి, రెండు మూడేళ్ళలో చుట్టుపక్కల రాష్ట్రాలకు పాకింది. ఆకులు మాడి, మెడ మెలితిరిగి, పువ్వు విచ్చుకోకుండానే మొక్క చస్తుంది. ఈ వైరస్సే 2000లో అనంతపురం జిల్లాలో వేరుశనగను తుడిచిపెట్టింది. బీడుల్లో పెరిగే వయ్యారిభామ పుప్పొడిలో ఈ వైరస్ ఉంటుంది. ఆ పుప్పొడిని ఒంటికి అంటించుకొని తామరపురుగులు పంట మీదకు వస్తాయి. లేతమొక్కను తామరపురుగు నుంచి కాపాడాలని విత్తనానికి ఇమిడాక్లోప్రిడ్ పట్టించమన్నారు. అప్పు చేసి విత్తనం కొన్న రైతు ఆ సలహా పాటించాడంటే తప్పు పట్టడానికి వీలులేదు.

ఒక చిన్న లెక్క

పెన్సిలు తీసుకోండి. కిలో విత్తనానికి 5 గ్రాముల పొడి పట్టిస్తారు. పొడిలో అసలు మందు నూటికి 70 పాళ్ళు, అంటే 3.5 గ్రాములు. కిలోకు గింజలు సుమారు 20,000 తూగుతాయి. కాబట్టి ఒక్కొక్క గింజ మీద 0.175 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. చిటికెలో వందో వంతు కూడా కాదు!

ఇప్పుడు తేనెటీగ వైపు నుంచి చూద్దాం. గ్రామును వందకోట్ల భాగాలు చేస్తే ఒక భాగం నానోగ్రాము. సుమారు 5 నానోగ్రాముల ఇమిడాక్లోప్రిడ్ ఒక్కొక్క దాని కడుపులోకి పోతే, తేనెటీగల్లో సగం చనిపోతాయి. మన గింజ మీద ఉన్నది 1,75,000 నానోగ్రాములు. భాగించి చూడండి: 35,000 తేనెటీగలకు సరిపడే మోతాదు అది. ఒక పెద్ద తేనెపట్టులోని ఈగలన్నీ కలిసి ఇంచుమించు అన్ని ఉంటాయి.

తేనెటీగ గింజను కొరకదు కదా అని మీరు అడుగుతారు. నిజమే. గింజ మీది మందులో బహు కొద్ది భాగమే పువ్వు దాకా చేరుతుంది. కిలో పుప్పొడిలో కొద్ది మైక్రోగ్రాములు మాత్రమే కనబడతాయి. ఆ కాస్తతో ఈగ అక్కడికక్కడ చావదు. అయితే చావకపోతే బాగున్నట్లేనా?

ఫ్రాన్సులో తిరిగిరాని ఈగలు

ఫ్రాన్సులో పొద్దుతిరుగుడు పెద్ద పంట. తేనెటీగలు పెంచేవారు పూతకాలంలో పెట్టెలను ఆ చేల పక్కకు చేర్చి తేనె తీస్తారు. 1994లో అక్కడ పొద్దుతిరుగుడు గింజకు ఇమిడాక్లోప్రిడ్ పూయడం మొదలయింది. ఆ తర్వాత పెంపకందార్లు ఒక చిత్రమైన సంగతి చెప్పసాగారు. పెట్టె ముందు చచ్చిన ఈగల కుప్పలేమీ లేవు. మేతకు పోయిన ఈగలే తిరిగి రావడం లేదు. తేనె తగ్గిపోయింది.

తేనెటీగ ఇంటికి రావడం మామూలు విషయం కాదు. సూర్యుడున్న దిక్కును, దారిలోని చెట్టును, పుట్టను గుర్తు పెట్టుకొని, రెండు మూడు కిలోమీటర్ల దూరం నుంచి గూడు చేరుతుంది. చేరి, మేత ఏ దిక్కున ఎంత దూరంలో ఉన్నదో నాట్యం చేసి తోటివారికి చెబుతుంది. ఆ నాట్యం అర్థాన్ని విప్పి చెప్పిన కార్ల్ ఫాన్ ఫ్రిష్‌కు 1973లో నోబెల్ బహుమానం ఇచ్చారు. ఇంత పని ఆవగింజంత మెదడుతో జరగాలి! ఆ మెదడులోని నాడుల మీదనే మన దొంగచెవి పనిచేస్తుంది.

2012లో ఫ్రెంచి శాస్త్రజ్ఞులు దీన్ని పరీక్షించారు. తేనెటీగల వీపున అతి చిన్న ఎలక్ట్రానిక్ చీటీలు అతికించి, పెట్టె గుమ్మం దగ్గర వాటిని గుర్తుపట్టే యంత్రం అమర్చారు. కొన్నింటికి వట్టి పంచదార పాకం, కొన్నింటికి చంపనంత కొద్ది థయామిథాక్సామ్ కలిపిన పాకం తాగించి దూరంగా వదిలారు. మందు తాగినవాటిలో ఎక్కువ ఈగలు దారి తప్పి ఇల్లు చేరలేదు. పట్టు మొత్తానికి దీని వల్ల ఎంత నష్టమన్న లెక్క మీద శాస్త్రజ్ఞుల మధ్య గట్టి వాదోపవాదాలు జరిగాయి. దారి తప్పుతున్నవన్న మాట మాత్రం నిలిచింది.

అంతకు ముందే, 1999లో, ఫ్రెంచి ప్రభుత్వం పొద్దుతిరుగుడు గింజకు ఆ మందు పూయడాన్ని నిలిపివేసింది. నిలిపివేసినంత మాత్రాన ఈగల కష్టాలు తీరలేదని కూడా చెప్పాలి. వారోవా అనే నల్లివంటి పరాన్నజీవి అప్పటికే యూరప్ తేనెటీగలను పీడిస్తున్నది. (మన తొర్రల్లో ఉండే దేశవాళీ తేనెటీగ దానికి అసలు ఆతిథేయి, యుగాల తరబడి దానితో వేగడం నేర్చుకుంది.) ఇక మందు ఒకేసారి ఎక్కువ మోతాదులో తగిలితే ఏమవుతుందో 2008లో జర్మనీ చూసింది. రైన్ నది లోయలో మొక్కజొన్న విత్తుతూండగా గింజకు సరిగా అంటుకోని క్లోథియానిడిన్ పొర ఊడి, విత్తే యంత్రపు గాలితో దుమ్ముగా లేచి, చుట్టుపక్కల పూసిన పూల మీద పడింది. 11,000కు పైగా తేనెపట్టులు దెబ్బతిన్నాయి. యూరోపియన్ యూనియన్ 2013లో ఈ మూడు మందుల వాడకాన్ని చాలావరకు కట్టడి చేసి, 2018లో ఆరుబయటి పంటలన్నింటికీ నిషేధించింది. మన దేశంలో అవి నేటికీ వాడుకలో ఉన్నాయి.

మిగిలినదంతా మట్టిలోకి

మన లెక్కకు తిరిగి వద్దాం. గింజ మీది మందులో మొక్క ఎంత తీసుకుంటుంది? పంటను బట్టి నూటికి రెండు నుంచి ఇరవై పాళ్ళు. అంటే నూటికి ఎనభై పాళ్ళో, అంతకు మించో మొక్కకు అందలేదు. అదంతా మట్టిలోనే ఉంది.

ఎండ తగిలితే ఈ మందులు త్వరగా విరిగిపోతాయి. మట్టి లోపల ఎండ ఉండదు కదా! నేల స్వభావాన్ని బట్టి కొన్ని నెలలు, ఒక్కొక్కచోట ఏళ్ళు కూడా నిలుస్తాయి. మరుసటి పంటకు మళ్ళీ మందు పూసిన గింజే పడుతుంది. వాన నీటిలో కరిగి గట్టు దాకా పోతాయి. ఇంగ్లండులో మందు పూసిన గింజ విత్తిన చేల గట్ల మీది అడవి పూలను పరీక్షిస్తే వాటి పుప్పొడిలోనూ ఈ మందు కనబడింది. గట్టు మొక్కకు ఎవరూ మందు పూయలేదు. దాని వేరు మట్టి నుంచి తీసుకున్నది.

తేనెటీగ అనగానే మనకు పెట్టె, పట్టు గుర్తుకు వస్తాయి. కాని లోకంలో ఉన్న సుమారు 20,000 జాతుల తేనెటీగల్లో పట్టు పెట్టేవి కొద్ది. నూటికి డెబ్బై జాతుల దాకా నేలలో బొరియ తవ్వుకొని ఉంటాయి. రాణి, సైన్యం ఏమీ ఉండవు. ఒంటరి తల్లి ఒక్కతే జానెడు, మూరెడు లోతున చిన్న గదులు కట్టి, పుప్పొడి ముద్ద పెట్టి, దాని మీద గుడ్డు పెట్టి మూసేస్తుంది. పిల్ల నెలల తరబడి ఆ మట్టిలోనే పెరుగుతుంది. మట్టే దాని ఇల్లు, గోడ, పరుపు. ఆ మట్టిలో మందుంటే?

కెనడాలోని ఆంటారియోలో దీన్ని పరీక్షించి 2021లో ఫలితాలు ప్రకటించారు. గుమ్మడి జాతి పూలనే నమ్ముకొని, ఆ పాదుల పక్కనే నేలలో గూడు కట్టే ఒక ఒంటరి తేనెటీగ అక్కడ ఉంది. వల కట్టిన గుడారాల్లో మొక్కలు పెంచి, కొన్నింటి మట్టికి ఇమిడాక్లోప్రిడ్ వేశారు, కొన్నింటికి వేయలేదు. మందు వేసినచోట తల్లి ఈగలు కట్టిన గూళ్ళు 85 శాతం తగ్గాయి. పుట్టిన పిల్లలు 89 శాతం తగ్గాయి. పూలలో పుప్పొడి తీసుకునే దిక్కు లేక మిగిలిపోయింది. వాటి ముందు చచ్చిన ఈగలు కుప్పలుగా పడలేదు సుమా! అవి గూడు కట్టడం మానుకున్నాయి, అంతే. చూసేవాళ్ళు లేకపోతే ఈ నష్టం ఎవరి కంటా పడదు.

మట్టిలో ఇంకా ఎవరెవరున్నారు? వానపాములు, ఆకులను కొరికి పొడిచేసే సూక్ష్మ కీటకాలు, పురుగులను వేటాడే నేల పెంకుపురుగులు. అమెరికాలోని పెన్సిల్వేనియాలో సోయాచిక్కుడు చేలల్లో ఒక తమాషా జరిగింది. తమాషా అని అన్నాను గాని రైతుకు కాదు. అక్కడ లేతమొక్కను తినేది చిప్పలేని నత్త. నత్త కీటకం కాదు కాబట్టి థయామిథాక్సామ్ దాన్ని ఏమీ చేయలేదు. మొక్కతో పాటు మందునూ తిని హాయిగా తిరిగింది. ఆ నత్తను తిన్న పెంకుపురుగు మాత్రం పడిపోయింది. కాపలాదారు పోయాడు గనుక నత్తలు పెరిగాయి, పంట దిగుబడి 5 శాతం తగ్గింది. 2014 చివరలో ఈ పరిశోధన ప్రకటించినప్పుడు చాలామందికి మతిపోయింది. డబ్బు పెట్టి మందు కొన్నది పంట తగ్గించుకోవడానికా!

పది రోజుల విందు

మందు ఒక్కటే అన్నిటికీ కారణమని చెబితే అది సగం నిజం. ఒకే పంటను వందల ఎకరాల్లో ఒకేసారి విత్తే చోట తేనెటీగకు రెండు వారాలు విందు, తర్వాత పస్తు. ఇదివరకు ఆ పస్తు రోజుల్లో గట్ల మీది తంగేడు, తుమ్మ, వేప, కంచెల మీది తీగలు ఆదుకొనేవి. ట్రాక్టరు తిరగడానికి అడ్డమని గట్లు చెరిపివేశారు, మిగిలిన గట్ల మీద కలుపుమందు కొట్టారు. నాగలి కదపని నేల గట్టు ఒక్కటే గనుక బొరియ ఈగలకు అదే భద్రమైన చోటు. గట్టు పోతే మేత, ఇల్లు రెండూ పోయాయి.

అయితే నెక్రోసిస్ తెగులు మాట ఏమిటి? దానికి వేరే ఉపాయాలూ ఉన్నాయి. వయ్యారిభామను పూత రాకముందే పీకివేయడం ఒకటి. చేను చుట్టూ నాలుగు వరుసల జొన్న ముందుగా విత్తడం ఇంకొకటి. తామరపురుగు ఆ ఎత్తయిన జొన్నకే తగులుకొని నిలిచిపోతుంది. తెగులు సోకే ప్రాంతమా కాదా, పురుగు ఉందా లేదా అని చూసుకొని, అవసరమైతేనే మందు వాడితే ఖర్చు కూడా తగ్గుతుంది. పూత మీద మాత్రం పగటిపూట ఏ పురుగుమందూ చల్లకూడదు. తప్పనిసరి అయితే ఈగలు గూటికి చేరిన సాయంత్రం వేళ చల్లాలి. ఇబ్బంది ఎక్కడంటే, రంగు పూసి పొట్లం కట్టిన విత్తనం కొన్నవాడికి మందు అక్కరలేదనే అవకాశమే ఉండదు.

మీరు చేసి చూడండి

చిలుకల మేతగా అమ్మే నల్లచారల గింజలు పది తెచ్చుకోండి. రంగు పూసిన విత్తనం వద్దు. బడి తోటలో ఎండ బాగా తగిలేచోట మూరెడు దూరానికి ఒకటి నాటండి. రెండు నెలలకు మొగ్గలు వస్తాయి. ఒకే ఎత్తున్న నాలుగు మొక్కలను ఎంచుకోండి. మొగ్గ విచ్చుకోకముందే రెండింటికి దోమతెర గుడ్డ సంచి తొడిగి అడుగున వదులుగా దారం కట్టండి. రెండింటిని అలాగే వదలండి. పూత ఉన్నన్ని రోజులూ ఉదయం 9 గంటలకు ఒక విడిపువ్వు ముందు కదలకుండా నిలబడి, పది నిమిషాల్లో ఎన్ని ఈగలు వాలాయో రాసుకోండి. పెద్ద తేనెటీగ, చిన్న తేనెటీగ, ఒంటరి ఈగ అని విడివిడిగా రాస్తే మరీ మంచిది. ఒంటరి ఈగ పొట్ట మీద నీలి చారలుంటే అది ఎక్కడికి పోతున్నదో కంటితో వెంబడించండి. మట్టిగోడలోనో, గట్టు మీద చదునైన నేలలోనో పెన్సిలు దూరేంత రంధ్రం కనబడవచ్చు. దాన్ని తవ్వవద్దు. పక్కన ఒక పుల్ల గుచ్చి, మరునాడు వచ్చి చూడండి.

పువ్వు వెనుక భాగం నిమ్మపండు రంగుకు తిరిగాక కోసి, ఎండబెట్టి, గింజలు రాల్చండి. గింజను వేలితో నొక్కితే గట్టిదో తాలో తెలుస్తుంది. సంచి కట్టినవాటిలో నూటికి ఎన్ని తాలు, విడివాటిలో నూటికి ఎన్ని తాలు? లెక్క వేసేటప్పుడు పళ్ళెం నడిమధ్య గింజలను విడిగా ఉంచండి. తేనెటీగలు ఎంత తిరిగినా ఆ నడిమి గింజలు కొన్ని తాలు కావడం మామూలే. వాటిని కలిపితే మీ లెక్క తప్పుతుంది.